పూత బుల్లెట్‌కి గురి ఉందో లేదో తేల్చడం ఎలా?

పిస్టల్‌తో 25 మీటర్ల నుంచి ఐదు రౌండ్లు కాల్చాం అనుకోండి. ఐదు చిల్లులూ 38 మిల్లీమీటర్ల లోపే పడ్డాయి. మనం చేత్తో నింపుకున్న రౌండ్లు, పైగా మామూలు సీసానికి రంగు పూసిన బుల్లెట్లు. మంచి లోడ్, అంటే బుల్లెట్, పౌడర్, పొడవుల మంచి కలయిక, దొరికిందని సంబరపడతాం. అదే డబ్బాలోంచి ఇంకో ఐదు తీసి కాలిస్తే ఈసారి 81 మిల్లీమీటర్లు. మొదటి కాగితాన్ని ఫొటో తీసి దాచుకుంటాం. రెండోదాన్ని మాత్రం చెయ్యి కదిలిందనో, గాలి వచ్చిందనో చెప్పి చెత్తబుట్టలో పడేస్తాం. నేనూ చాలాకాలం ఇదే చేశాను. ఆ రెండు కాగితాలూ ఒకే లోడ్ గురించి ఒకే మాట చెబుతున్నాయని ఒప్పుకోవడానికి కొంత లెక్క నేర్చుకోవాల్సి వచ్చింది.

లెక్క కంటే ముందు అసలు వస్తువేమిటో చూద్దాం. హ్యాండ్‌లోడింగ్ అంటే కాల్చేసిన ఇత్తడి కేస్‌ను మళ్లీ సైజుకు తెచ్చి, పౌడర్‌ని అంటించే చిన్న టోపీ లాంటి ప్రైమర్‌ని కొత్తది పెట్టి, కొలిచిన పౌడర్ పోసి, పైన బుల్లెట్ కూర్చి రౌండ్ తయారుచేసుకోవడం. బుల్లెట్ అన్న మాటను ఇక్కడ బ్యారెల్ దాటి ఎగిరి వెళ్లే లోహపు ముక్కకే వాడుతున్నాను. మొత్తం సరంజామాను రౌండ్ అంటున్నాను. రెండింటినీ తూటా అనేయడం మన వాడుక. ఈ వ్యాసంలో ఆ వాడుకతో తికమక వస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు.

ఫ్యాక్టరీ బుల్లెట్లలో ఎక్కువ భాగానికి సీసం చుట్టూ రాగి మిశ్రమపు తొడుగు ఉంటుంది. పూత బుల్లెట్‌కి ఆ తొడుగు ఉండదు. సీసంలో కొద్దిగా యాంటిమొనీ, తగరం కలిపి అచ్చు పోసి, దాని మీద పాలిమర్ పూత వేసి, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు. కొందరు ద్రావకంలో కలిపిన రంగును రెండు మూడు పొరలుగా వేస్తారు, కొందరు ఇనుప గేట్లకు వేసే పౌడర్ కోటింగ్ లాంటిదే వాడతారు. పూతలేని పాత సీసం బుల్లెట్లకు గాడిలో మైనం లాంటి కందెన పూసేవారు. అది కాలి పొగ వచ్చేది, రౌండ్‌ని ఆకారానికి తెచ్చే డైలకు అంటుకునేది, బ్యారెల్‌లో సీసం పేరుకునేది. పూత ఈ తలనొప్పుల్ని చాలావరకు తగ్గించింది. బుల్లెట్‌ని వేళ్లతో పట్టుకున్నప్పుడు చేతికి అంటుకునే సీసం కూడా తగ్గింది. అలాగని సీసం బెడద తీరిపోయిందనుకోకూడదు. చాలా ప్రైమర్లలో ఇప్పటికీ సీసపు సమ్మేళనం ఉంటుంది, కాబట్టి కాల్చాక చేతులు కడుక్కోవాల్సిందే.

గురి కుదరలేదనగానే చాలామంది పౌడర్ మీద పడతారు. గ్రెయిన్‌లో (ఇది బరువు కొలత, సుమారు 0.065 గ్రాములు) పదో వంతు పెంచడం, మళ్లీ తగ్గించడం. పూత బుల్లెట్ విషయంలో నేను ముందు చూసేది పౌడర్ కాదు, వ్యాసం.

9 మిల్లీమీటర్ల పిస్టల్‌కి వాడే రాగి తొడుగు బుల్లెట్ వ్యాసం 0.355 అంగుళాలు. అదే పిస్టల్‌కి అమ్మే పూత బుల్లెట్ సాధారణంగా 0.356 ఉంటుంది. 0.45 ఏసీపీ అనే ఇంకో పిస్టల్ రౌండ్‌లో ఇదే తేడా 0.451, 0.452గా కనిపిస్తుంది. అంగుళంలో వెయ్యో వంతు అంటే 0.025 మిల్లీమీటర్లు, వెంట్రుక మందం కంటే తక్కువ. ఇంత చిన్న తేడాకి ఇంత పట్టింపు ఎందుకంటే, బ్యారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పడానికి మెలికలుగా చెక్కిన గాడుల్ని బుల్లెట్ పూర్తిగా నింపాలి. నింపకపోతే మండుతున్న వాయువు పక్కనుంచి దూసుకుపోతూ బుల్లెట్ అంచును కోస్తుంది. కోసిన సీసం ముందుకెళ్లి బ్యారెల్ గోడకు అతుక్కుంటుంది. వెనకొచ్చే బుల్లెట్ దాని మీదుగా ఒరుసుకుంటూ వెళ్తుంది. మెత్తని సీసంలో ఈ నష్టం త్వరగా కనిపిస్తుంది. పూత దాన్ని ఆలస్యం చేస్తుంది తప్ప వదులుగా ఉన్న బుల్లెట్‌ని బిగుతుగా మార్చలేదు.

పైగా ప్రతి బ్యారెల్ పుస్తకంలో రాసినంతే ఉండదు. తెలుసుకోవాలంటే కొలవాలి. పిస్టల్ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, బ్యారెల్ విడదీసి, నూనె రాసి, మెత్తని సీసపు ముక్కను కర్రతో ఈ చివరి నుంచి ఆ చివరికి నెట్టి, బయటకొచ్చిన ముక్కను మైక్రోమీటర్‌తో కొలుస్తారు. గాడుల అచ్చు దాని మీద పడుతుంది. బుల్లెట్ ఆ కొలత కంటే వెయ్యో వంతు ఎక్కువ ఉంటే మంచి మొదలు. ఐదు గాడుల బ్యారెల్‌తో మాత్రం చిక్కు. ఒక గాడికి సరిగ్గా ఎదురుగా ఇంకో గాడి ఉండదు కాబట్టి మామూలు మైక్రోమీటర్ తప్పు కొలత చూపిస్తుంది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని ఒక దొంగ ఉన్నాడు. డబ్బాలో 0.356 ఉన్న బుల్లెట్, రౌండ్‌లో కూర్చున్నాక కూడా 0.356గానే ఉందా? 9 మిల్లీమీటర్ల కేస్ కింది వైపు మందంగా, కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. కేస్ నోటిని విప్పే పనిముట్టు ఎక్స్‌పాండర్; రాగి తొడుగు బుల్లెట్ల కోసం చేసినదైతే నోటిని తక్కువగా తెరుస్తుంది. అందులోకి మెత్తని బుల్లెట్‌ని నొక్కితే ఇత్తడే గెలుస్తుంది. బుల్లెట్ అడుగు భాగం 0.354కి నలిగిపోవచ్చు. కొనేటప్పుడు లావుగా ఉన్నది, కాల్చేటప్పటికి సన్నబడింది. దీన్ని పట్టుకోవడానికి ఒకటే మార్గం: తయారైన రౌండ్లలోంచి రెండు మూడు తీసి, సుత్తిలాంటి పుల్లర్‌తో బుల్లెట్‌ని బయటికి లాగి మళ్లీ కొలవడం. అదే పనిలో పూత గీసుకుపోయిందేమో కూడా కనిపిస్తుంది. కేస్ నోటి దగ్గర రంగు తురుములా రాలితే నోరు చాలినంత విచ్చుకోలేదన్నమాట. పూత బుల్లెట్‌కి ఆ విప్పు కంటికి కనిపించేంత ఉండాలి.

తర్వాత క్రింప్, అంటే కేస్ నోటిని చివర్లో నొక్కడం. పిస్టల్ రౌండ్‌లో క్రింప్ చెయ్యాల్సిన పని, విప్పిన నోటిని మళ్లీ నిటారుగా చెయ్యడం, అంతే. 9 మిల్లీమీటర్ల రౌండ్‌కి నోటి దగ్గర వ్యాసం 0.380 అంగుళాలు దాటకూడదు, 0.378 దగ్గర ఆగితే చాలామందికి బాగా నడుస్తుంది. ఇంకా బిగిస్తే బుల్లెట్ నడుము మీద చుట్టూ గాటు పడుతుంది, పూత తెగుతుంది. బుల్లెట్ కదలకుండా పట్టుకునేది క్రింప్ అని అపోహ. నిజానికి పట్టుకునేది కేస్ గోడ బిగుతు.

పొడవు సంగతి. 9 మిల్లీమీటర్ల రౌండ్ మొత్తం పొడవుకి గరిష్ఠ పరిమితి 1.169 అంగుళాలు. కానీ పూత బుల్లెట్ల ముక్కు ఆకారం అచ్చును బట్టి మారుతుంది, కొన్నింటికి భుజం లావుగా ముందుకు వస్తుంది. ఒకరి పిస్టల్‌లో నడిచిన పొడవు ఇంకొకరి పిస్టల్‌లో గాడుల మొదటికి గుద్దుకోవచ్చు. బ్యారెల్ తీసి చేతిలో పట్టుకుని, పౌడరూ ప్రైమరూ లేకుండా చేసిన డమ్మీ రౌండ్‌ని చాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే గదిలోకి, జారవిడవండి. టక్కుమని కూర్చోవాలి, వేలితో తిప్పితే తిరగాలి, తలకిందులు చేస్తే తనంతట తాను పడిపోవాలి. పడకపోతే బుల్లెట్‌ని కొంచెం లోపలికి కూర్చాలి. లోపలికి కూర్చితే పౌడర్‌కి చోటు తగ్గి పీడనం పెరుగుతుంది, కాబట్టి పౌడర్ మళ్లీ కింది మోతాదు నుంచి మొదలుపెట్టాలి. పౌడర్ అంకెలు నేను ఇవ్వను. అవి ప్రచురితమైన లోడ్ డేటా పుస్తకాల్లోంచే రావాలి, అదే బరువు బుల్లెట్‌కి, అదే పౌడర్‌కి. ఎక్కడో ఎవరో చెప్పిన అంకెతో మొదలుపెట్టడం అంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే. చేత్తో నింపడానికి లైసెన్స్, అనుమతుల నియమాలు దేశానికొకటి, అవి ముందే చూసుకోవాలి.

పూత గట్టిదో కాదో ఇంట్లోనే తేలిపోతుంది. అసిటోన్‌లో ముంచిన గుడ్డతో పది పన్నెండు సార్లు రుద్దితే రంగు ఊడి వచ్చిందా, ఓవెన్‌లో సరిగ్గా కాలలేదు. బుల్లెట్‌ని సుత్తితో చదునుగా నలగ్గొడితే పూత సీసంతో పాటే సాగాలి, పెంకులుగా రాలకూడదు. ఇంకోటి, బుల్లెట్ అడుగు. ముక్కు మీద గీత పడితే పెద్దగా ఏమీ కాదు. అడుగు అంచు ఒక పక్క చెదిరితే మాత్రం బ్యారెల్ నుంచి బయటపడే క్షణంలో వాయువు ఒకవైపు ముందు తప్పించుకుని బుల్లెట్‌ని పక్కకి తోస్తుంది. పూత కాల్చేటప్పుడు అడుగున గడ్డకట్టిన బొట్టు ఉన్న బుల్లెట్లని నేను పక్కన పెట్టేస్తాను. కాకపోతే వాటిని పారెయ్యను, దగ్గరి దూరం సాధనకి అవి చాలు.

ఇప్పుడు కాగితం దగ్గరికి.

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పండు పడిందని అనుకుంటే అది కాకతాళీయం. గురి పరీక్షల్లో మనం వేసే తప్పుటడుగుల్లో సగం ఇదే. ఒకే గురికి వరుసగా కాల్చిన చిల్లుల గుంపుని గ్రూప్ అంటారు. ఐదు రౌండ్ల గ్రూప్‌ని కొలిచేది అందులో బాగా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరంతో. అంటే మిగతా మూడు చిల్లులూ ఎక్కడున్నా కొలతకి సంబంధం లేదు. రెండు చిల్లుల మీద తీర్పు చెబుతున్నాం. ఆ తీర్పు ఎంత ఊగుతుందో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో గణాంక నిపుణుడిగా పనిచేసిన ఫ్రాంక్ గ్రబ్స్ దశాబ్దాల కిందటే లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం, ఏ మార్పూ లేకుండా ఒకే లోడ్‌తో ఐదేసి రౌండ్ల గ్రూపులు కాలుస్తూ పోతే, వాటి సైజు సగటుకి అటూ ఇటూ సుమారు 27 శాతం ప్రామాణిక విచలనంతో ఊగుతుంది.

అంకెల్లో చూద్దాం. మీ లోడ్ నిజమైన సగటు 60 మిల్లీమీటర్లు అనుకోండి. ప్రతి మూడు గ్రూపుల్లో రెండు దాదాపు 44 నుంచి 76 మధ్య పడతాయి. మూడోది అంతకన్నా చిన్నదో పెద్దదో అవుతుంది. మొదట్లో చెప్పిన 38, 81 రెండూ ఈ లోడ్‌కి పుట్టిన పిల్లలే. ఒకటి తెలివైనది, ఒకటి మొద్దు అనుకోవడానికి ఏమీ లేదు.

దీని పర్యవసానం పౌడర్ నిచ్చెన దగ్గర బయటపడుతుంది. గ్రెయిన్‌లో పదో వంతు చొప్పున పెంచుతూ పది మోతాదులు నింపి, ఒక్కో మోతాదుకి ఒక్కో గ్రూప్ కాల్చి, అన్నిటికన్నా చిన్నది ఏదో చూసి అదే లోడ్ అనడం చాలామంది పద్ధతి. ఒక ఆట ఆడండి. పది సంచుల్లోనూ అచ్చంగా ఒకే రౌండ్లు పెట్టి, వాటి మీద వేరు వేరు పేర్లు రాసి కాల్చండి. సగటు 60 ఉన్న లోడ్ అయితే, ఆ పదిలో చిన్న గ్రూప్ 35, 40 మధ్య వస్తుంది, పెద్దది 85 దరిదాపుల్లోకి పోతుంది. విజేత పుడతాడు, పరాజితుడూ పుడతాడు, ఇద్దరి సంచుల్లో ఉన్నది ఒకటే. ఈ లెక్క తెలిశాక నా పాత నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టిన సగం లోడ్లను చూస్తే నవ్వొచ్చింది.

మరి ఎన్ని కాల్చాలి? ఒక్కో లోడ్‌కి ఐదేసి రౌండ్ల గ్రూపులు ఐదు కాల్చి సగటు తీస్తే, ఆ సగటు ఊగిసలాట 12 శాతానికి దిగుతుంది. రెండు లోడ్లను పోల్చేటప్పుడు ఇద్దరి ఊగిసలాటా కలుస్తుంది కాబట్టి అది 17 శాతం. అంటే లోడ్‌కి పాతిక రౌండ్లు ఖర్చుపెట్టాక కూడా, రెంటి మధ్య తేడా మూడో వంతుకి తక్కువైతే గట్టిగా ఏమీ చెప్పలేం. 60కీ 55కీ తేడా ఉందని వాదించేవాళ్లు ఎన్ని వందల రౌండ్లు కాల్చారో అడగండి.

కొంచెం ఓపిక ఉంటే ఇంకా మంచి కొలత ఉంది. అన్ని చిల్లుల మధ్య బిందువు కనుక్కుని, ప్రతి చిల్లూ దానికి ఎంత దూరంలో ఉందో కొలిచి సగటు తీయడం. సగటు వ్యాసార్థం అంటారు. ప్రతి చిల్లుకీ ఓటు ఉంటుంది, కాబట్టి అవే రౌండ్లతో నమ్మకం పెరుగుతుంది. టార్గెట్ ఫొటో మీద చిల్లులు గుర్తు పెడితే ఈ లెక్క చేసిపెట్టే యాప్‌లున్నాయి, కాబట్టి బద్ధకానికి సాకు లేదు. ఇంకో జాగ్రత్త. మూడు రౌండ్ల గ్రూప్‌నీ పది రౌండ్ల గ్రూప్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఐదు రౌండ్లకి 60 వచ్చే లోడ్, మూడు రౌండ్లకి సగటున 47 చూపిస్తుంది, పదికి 75 దాకా పోతుంది. ఎవరైనా తన గ్రూప్ ఎంత చిన్నదో చెప్పినప్పుడు, ఎన్ని రౌండ్లతో అన్నది మొదటి ప్రశ్న.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత షూటింగ్ రేంజ్‌లో రోజూ వినిపించాల్సింది. కాగితం మీది చెదురులో మూడు వాటాలున్నాయి: మనిషిది, పిస్టల్‌ది, రౌండ్‌ది. ఇవి మామూలుగా కూడవు. లంబకోణ త్రిభుజంలో భుజాల వర్గాలు కూడి కర్ణం వర్గం అయినట్టు, వర్గాలుగా కూడతాయి. మనిషి వాటా 60 మిల్లీమీటర్లు, పిస్టల్‌ది 40, రౌండ్‌ది 30 అనుకుంటే మొత్తం 78. ఎంతో శ్రమపడి రౌండ్ వాటాని సగానికి, అంటే 15కి తెచ్చాం అనుకోండి. మొత్తం 74 దగ్గర ఆగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల కోసం అంత కష్టం, ఆ నాలుగూ ఊగిసలాటలో ఎటూ కనిపించవు. అదే మనిషిని తీసేసి పిస్టల్‌ని యంత్రపు స్టాండ్‌కి బిగిస్తే, రౌండ్‌లో అదే మెరుగుదలకి మొత్తం 50 నుంచి 43కి దిగుతుంది. రాన్సమ్ రెస్ట్ లాంటి పరికరాలు ఉన్నది అందుకే. అవి అందరికీ అందుబాటులో ఉండవు. ఇసుక సంచి మీద మణికట్లు ఆనించి కాల్చడం తర్వాతి మెట్టు. సంచికి బ్యారెల్ తగలకుండా చూసుకోవాలి.

మనిషి వాటా ఎంత పెద్దదో ఒక్క అంకెతో తెలుస్తుంది. ముందు, వెనక సైట్ల మధ్య దూరం 160 మిల్లీమీటర్లు ఉన్న పిస్టల్‌లో ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకి జరిగితే, 25 మీటర్ల దగ్గర బుల్లెట్ 78 మిల్లీమీటర్లు తప్పుతుంది. అందుకే రౌండ్లను పరీక్షించే రోజుల్లో కొందరు పిస్టల్‌కి రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్, బిగిస్తారు. నాకు అది మోసంగా అనిపించదు, తక్కెడకి కొత్త రాళ్లు తెచ్చుకున్నట్టే.

కాల్చే వరుస కూడా ఫలితాన్ని వంకర చేస్తుంది. మొదటి లోడ్ మొత్తం ముందు, రెండో లోడ్ మొత్తం తర్వాత కాలిస్తే, రెండోదాని వాటాకి వేడెక్కిన బ్యారెల్, మురికి, అలసిన చెయ్యి అన్నీ వస్తాయి. ఒక గ్రూప్ దీనితో, ఇంకోటి దానితో, తర్వాత వరుస తిప్పి కాల్చడం నయం. ఏ మ్యాగజైన్‌లో ఏది ఉందో మీకు తెలియకుండా పక్కనున్నవాళ్లు నింపిస్తే ఇంకా నయం. మనకి నచ్చిన లోడ్ అని తెలిస్తే ట్రిగ్గర్ మీద వేలు కూడా మర్యాదగా నడుస్తుంది. రాగి తొడుగు నుంచి పూత బుల్లెట్‌కి మారినప్పుడు బ్యారెల్ శుభ్రం చేసి, మొదటి ఐదు పది రౌండ్లను లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయాలి. సెమీ ఆటోమేటిక్‌లో చేత్తో స్లైడ్ వదిలి ఎక్కించిన మొదటి రౌండ్ ఒక్కోసారి మిగతావాటికి దూరంగా పడుతుంది. దాన్ని గ్రూప్‌లో ఉంచాలా వద్దా అన్నది కాల్చకముందే నిర్ణయించుకోండి. చిల్లు చూశాక తీసుకునే నిర్ణయం నిర్ణయం కాదు. మిగతా దూరపు చిల్లులు కూడా అంతే. నా చెయ్యి కదిలిందని ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే, కాగితం చూడకముందే పైకి చెప్పారా, అయితే తీసెయ్యొచ్చు.

కొలిచేటప్పుడు చిన్న సంగతి. గుండ్రటి ముక్కు బుల్లెట్ కాగితాన్ని చింపుతుంది, చిల్లు బుల్లెట్ కంటే చిన్నగా కనిపిస్తుంది. చదునైన ముక్కు ఉన్నవి శుభ్రంగా కత్తిరిస్తాయి. టార్గెట్ వెనక అట్టముక్క బిగిస్తే సగం సమస్య తీరుతుంది.

బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొన్న కొత్తలో అందరూ వేగం తేడాల మీద మనసు పారేసుకుంటారు. ఒక రౌండ్ సెకనుకు 305 మీటర్లు, ఇంకోటి 290 పోతే పెద్ద తేడాగానే కనిపిస్తుంది. కానీ 25 మీటర్లు చేరేలోపు మొదటిది 33 మిల్లీమీటర్లు కిందికి దిగితే రెండోది 36.5 దిగుతుంది. మూడున్నర మిల్లీమీటర్లు. పైగా నెమ్మది బుల్లెట్ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఆలోపు వెనక్కి తన్నే దెబ్బకి పిస్టల్ మూతి పైకి లేస్తుంది, కాబట్టి అది పైన తగిలే అవకాశమే ఎక్కువ. పిస్టల్ దూరాల్లో వేగం నిలకడ గురికి పెద్ద కారణం కాదని నా అభిప్రాయం. క్రోనోగ్రాఫ్ అవసరం వేరే చోట ఉంది. లోడ్ పుస్తకంలోని వేగాన్ని మించిపోతుంటే పీడనం గురించి హెచ్చరిస్తుంది. ఐపీఎస్‌సీ లాంటి, కదులుతూ కాల్చే పోటీల్లో బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో గుణించి వెయ్యితో భాగిస్తే కనీసం 125 రావాలి. 124 గ్రెయిన్ల బుల్లెట్ 1,010 అడుగుల వేగంతో పోతే 125.2 వస్తుంది, ఒడ్డున పడ్డట్టే కానీ కాస్త చల్లటి రోజు వచ్చి వేగం తగ్గితే మునిగిపోతాం.

కొన్ని ఆనవాళ్లు మాత్రం గణాంకాలు అడగవు. చిల్లు గుండ్రంగా కాక కోలగా, తాళపుచెవి రంధ్రంలా ఉంటే బుల్లెట్ అడ్డం తిరిగి తగిలింది. బ్యారెల్ దాన్ని సరిగ్గా తిప్పలేకపోయింది. అది వదులైన బుల్లెట్ పనో, కేస్‌లో నలిగిన బుల్లెట్ పనో అయివుంటుంది, ఒక్క చిల్లు కనిపించినా ఆగి వెతకాలి. మొదటి పాతిక రౌండ్లు బాగుండి, ఆ తర్వాత గ్రూపులు క్రమంగా విచ్చుకుంటూ పోతే బ్యారెల్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. గాడుల అంచున బూడిదరంగు చారలు కనిపిస్తే అది సీసం. పూత రంగే చారలుగా కనిపిస్తే పూత ఊడుతోందన్నమాట. రెండు సందర్భాల్లోనూ పౌడర్ డబ్బా దగ్గరికి కాదు, వ్యాసం కొలిచే కాలిపర్ దగ్గరికి వెళ్లాలి.

ఎంత చిన్న గ్రూప్ చాలు అన్నది మీరు ఏం చేయబోతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ వారి 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. అక్కడ స్టాండ్ మీద 40 ఇచ్చే లోడ్‌కీ 60 ఇచ్చే లోడ్‌కీ తేడా పాయింట్లలో కనిపిస్తుంది. పరుగెత్తుతూ పది మీటర్ల నుంచి అట్ట టార్గెట్లని కాల్చేవాళ్లకి ఆ రెండూ ఒకటే. వాళ్లు జామ్ కాకుండా నడిచే పొడవు కోసం వెతకడం మేలు.

మొదట్లో చెప్పిన ఆ రెండు కాగితాలనీ ఇప్పుడు నేను పారెయ్యను. గురి బిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి, వెలుతురుకి పట్టి, పది చిల్లుల్నీ ఒకే కాగితం మీదికి దించుకుంటాను. వచ్చేవారం అదే డబ్బాలోంచి ఇంకో పది కాల్చి దాని మీదే గుర్తు పెడతాను.